అద్దెకిల్లు, ఆడదాని నడత

ఒంటరిగా ఇల్లు వెతుక్కునే స్త్రీకి "మీవారేం చేస్తారు?" అన్న ప్రశ్న మన దగ్గర కొత్తేమీ కాదు. అమెరికాలో పేద తల్లులకది "సెక్షన్ 8 వాళ్లకి ఇవ్వం" అనే మాటగా ఎదురవుతుంది. 1974లో వచ్చిన ఈ పథకంలో అద్దెలో పెద్ద భాగం ప్రభుత్వమే యజమానికి నేరుగా కడుతుంది. మరి భయం దేనికి? తనిఖీలు, కాగితాల ఆలస్యం అంటారు. నిజమే, కానీ అక్కడ సరిచేయాల్సింది ప్రభుత్వ కార్యాలయాన్ని, ఆమెను కాదు.

అసలు అనుమానం పాతది. ఆమె జీవితంలో మగవాడి జాడ కనిపిస్తే అలబామా రాష్ట్రం పిల్లల భత్యం ఆపేసేది. 1968లో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. నియమం పోయింది, నిఘా పోలేదు. సంక్షేమం స్త్రీల సమస్య అని 1972లో జానీ టిల్‌మన్ రాసింది అందుకే.

మసాచుసెట్స్ వంటి కొన్ని రాష్ట్రాలు ఈ నిరాకరణని నిషేధించాయి. అన్ని ఇళ్లకూ వర్తించే కేంద్ర చట్టం మాత్రం లేదు. యజమాని దయ మీద ఆధారపడినదాన్ని హక్కు అనగలమా?