మేకు రంధ్రాలు చెప్పిన పేర్లు

ఫ్రాన్సు దక్షిణాన ఉన్న నీమ్ నగరం నడిబొడ్డున, ఒక విశాలమైన కూడలిలో, రెండువేల ఏళ్ళనాటి రోమన్ దేవాలయం దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. దాని పేరు మెజోఁ కారే, అంటే చదరపు ఇల్లు. నిజానికి అది చదరం కాదు: పొడవు సుమారు 26 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. మూలలు లంబకోణాలుగా ఉన్న ఏ ఆకారాన్నయినా పాత ఫ్రెంచిలో ఆ మాటతోనే పిలిచేవారు. ఎత్తైన అధిష్ఠానం, ముందువైపు మాత్రమే మెట్లు, 30 కొరింథియన్ స్తంభాలు. వాటిలో ముఖమండపానికి చెందిన 10 మాత్రమే విడిగా నిలుస్తాయి. తక్కిన 20 గర్భాలయపు గోడల్లో సగం ఇమిడి ఉంటాయి.

రోమన్ సామ్రాజ్యం కూలిన తర్వాత ఇటువంటి ఆలయాలు అనేకం రాతిగనులుగా మారిపోయాయి. ఇది మిగలడానికి కారణం భక్తి కాదు, వాడకం. మధ్యయుగాలలో నగర పాలకుల సమావేశ మందిరం, ఆపైన గుర్రపుశాల, 17వ శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసుల చర్చి, విప్లవానంతరం ప్రభుత్వ దస్తావేజుల నిలయం, 1823 నుంచి మ్యూజియం. ఎవరికి వారు తమ అవసరానికి దాన్ని మార్చుకున్నారు; అందులో ఉండవలసినవారే గనుక కప్పును మాత్రం కాపాడుకున్నారు.

కట్టడం నిలిచింది గాని, అది ఎవరి పేరిట వెలసిందో జనం మరచిపోయారు. ముఖద్వారంపైన ఒకనాడు బిగించిన కంచు అక్షరాలు రాలిపోయాయి. హేడ్రియన్ చక్రవర్తి ప్లొటీనా రాణి గౌరవార్థం కట్టించాడని కొందరు నమ్మారు. 1758లో నీమ్‌కే చెందిన పండితుడు జాఁ ఫ్రాన్స్వా సెగ్యే పరంజా ఎక్కి, అక్షరాలను బిగించిన మేకుల రంధ్రాలను ఒక్కొక్కటిగా కాగితంపైకి ఎక్కించాడు. ఆ రంధ్రాల అమరికను బట్టి ఏ అక్షరం ఎక్కడ ఉండేదో ఊహించి, రెండు పేర్లు చదివాడు: గాయస్ సీజర్, లూసియస్ సీజర్. అగస్టస్ కుమారులు, యువజనాగ్రణులు అన్నవి వారి బిరుదులు.

మానిన గాయపు మచ్చను చూసి రోగి గతాన్ని ఊహించే వైద్యుడికి ఈ పద్ధతి పరిచితమే. మచ్చ అబద్ధమాడదు, కానీ ఒకే మచ్చకు వేర్వేరు కారణాలుండవచ్చు. ఒకే రంధ్రాల వరుసకు వేర్వేరు అక్షరాలు కుదిరినట్టే. అందుకే తర్వాతి పండితులు ఆ పాఠాన్ని మళ్ళీ పరీక్షించారు. 1979లో వెలువడిన రొబేర్ అమీ, పియేర్ గ్రోల అధ్యయనం కూడా ఆ అంకితాన్నే సమర్థించింది.

ఆ యువకులిద్దరూ అగస్టస్‌కు కూతురి బిడ్డలు. ఆయన వారిని దత్తత చేసుకుని వారసులుగా పెంచాడు. లూసియస్ క్రీ.శ. 2లో, 18 ఏళ్ళ వయసులో, నీమ్‌కు దగ్గరలోని మసీలియాలో, అంటే నేటి మార్సెయిల్‌లో మరణించాడు. గాయస్ ఆర్మేనియాలో తగిలిన గాయంతో క్రీ.శ. 4లో కన్నుమూశాడు. సింహాసనం టైబీరియస్‌కు దక్కింది. ఆ విధంగా ఈ ఆలయం ఎన్నడూ రాని ఒక పాలనకు గుర్తుగా మిగిలింది. విచిత్రమేమంటే, చక్రవర్తి వారసుల పేరిట వెలసిన ఈ కట్టడాన్నే థామస్ జెఫర్సన్ 1785లో వర్జీనియా గణరాజ్యపు శాసనసభా భవనానికి నమూనాగా ఎంచుకున్నాడు. దాన్ని కళ్ళారా చూసింది మాత్రం 1787లోనే. 2023లో యునెస్కో ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ కథకు మన నేలతోనూ ఒక ముడి ఉంది. నీమ్‌కు ఉత్తరాన ఉన్న లియాఁ టంకశాలలో అగస్టస్ ఒక వెండి నాణెం ముద్రించాడు: ఒకవైపు ఆయన ముఖం, రెండోవైపు డాళ్ళూ ఈటెలతో నిలబడ్డ గాయస్, లూసియస్. దక్షిణ భారతంలో బయటపడ్డ రోమన్ వెండి నాణేలలో తరచుగా కనిపించే రకాల్లో ఇదొకటి. నల్గొండ ప్రాంతపు అక్కన్‌పల్లి నిధిలోనూ అగస్టస్, టైబీరియస్‌ల నాణేలు దొరికాయి. ఆ నాణెం అంచున ఉన్నవి దాదాపు నీమ్ ఆలయంపై రాలిపోయిన మాటలే: అగస్టస్ కుమారులు, యువజనాగ్రణులు. సొంత ఊరు మరచిపోయిన పేర్లను సముద్రాలు దాటిన వెండి బిళ్ళలు ఆ శతాబ్దాలన్నీ మోస్తూనే ఉన్నాయి.