అడ్మిరల్ గాడ్‌ఫ్రీ, మన నావికులు

మన నౌకాదళ చరిత్ర రాసేటప్పుడు ఇంగ్లీషు అడ్మిరళ్ల పేర్లను గబగబా దాటేస్తుంటాం. జాన్ హెన్రీ గాడ్‌ఫ్రీని మాత్రం అలా దాటలేం. 1943 నుంచి 1946 దాకా రాయల్ ఇండియన్ నేవీ అధిపతి ఆయనే.

1888లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, చిన్న వయసులోనే నౌకాదళంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో డార్డనెల్స్ దగ్గర పనిచేశాడు. తర్వాత రిపల్స్ అనే పెద్ద యుద్ధనౌకకు కెప్టెన్ అయ్యాడు. 1939లో బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగం ఆయన చేతికొచ్చింది. అక్కడ ఆయన సహాయకుడు ఇయాన్ ఫ్లెమింగ్. ఫ్లెమింగ్ తర్వాత రాసిన జేమ్స్ బాండ్ నవలల్లోని 'ఎం' పాత్రకు గాడ్‌ఫ్రీయే మూలమంటారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది మరొకటుంది. 1940లో నార్వేకి వెళ్లిన సేనలు అక్కడి తీరాల వివరాలు తెలియక అవస్థపడ్డాయి. ఆ లోటు తీర్చడానికి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విభాగం వెలిసింది. దాని వెనకున్న పూనిక గాడ్‌ఫ్రీదే. విదేశాల్లో సెలవులు గడిపినప్పుడు తీసుకున్న ఫోటోలు పంపమని బీబీసీలో ప్రజలను అడిగారు. ఇళ్లలోని ఆల్బముల నుంచి ఫోటోలు, పోస్టుకార్డులు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి.

పరాయి తీరాల గురించి అంత ఆరా తీసిన మనిషి చివరకు మన దళానికి అధిపతిగా వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రెండు వేలమంది కూడా లేని దళం పాతిక వేలు దాటింది. నావికుల కంచంలో పడే తిండి, తెల్ల అధికారుల నోటివెంట వచ్చే తిట్లు, జీతాల్లో తేడా మాత్రం మారలేదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని సిగ్నల్ శిక్షణ కేంద్రం తల్వార్‌లో సమ్మె మొదలైంది. కరాచీ, మద్రాసు, కలకత్తాలతో పాటు మన విశాఖపట్నానికీ పాకింది. దళం మొత్తం నాశనమైనా సరే, బలమంతా ప్రయోగిస్తామని గాడ్‌ఫ్రీ రేడియోలో హెచ్చరించాడు. శత్రువు మీద వాడాల్సిన మాట అది. సొంత నావికుల మీద వాడటం ఆయన చేసిన పెద్ద తప్పు. కాంగ్రెస్ నాయకుడు వల్లభ్‌భాయ్ పటేల్ సలహాతో 23న నావికులు లొంగిపోయారు. కొద్ది వారాలకే గాడ్‌ఫ్రీ స్థానంలో మరో బ్రిటిష్ అడ్మిరల్ మైల్స్ వచ్చాడు.

1958లో రామదాస్ కటారి నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. నౌకాదళం నుంచి తొలగించిన సమ్మె నావికులను మాత్రం స్వతంత్ర భారతం తిరిగి కొలువులోకి తీసుకోలేదు. అధిపతుల పేర్లు ఫలకాల మీద ఉన్నాయి, వీళ్ల పేర్లు ఇళ్లలోనే ఉండిపోయాయి. విశాఖ సమ్మెలో పాల్గొన్న వారి కుటుంబాలు ఈ సంచిక చదువుతుంటే, మీ దగ్గరున్న ఉత్తరాలు, ఫోటోలు, డిశ్చార్జి కాగితాలు పారేయకండి. వాటిని భద్రపరిచేవారికి నకళ్లయినా ఇవ్వండి.