మూడవ తరగతి పెట్టెకు చరిత్ర లేదా?

మా విద్యార్థులూ నేనూ కలిసి నిజాం రైల్వే బండ్లకు చెక్కతో నమూనాలు చేస్తున్నాము. రెండేళ్ళనాడు ఒక ప్రదర్శనకు మేము తీసుకుపోయింది నాలుగు చక్రాల గూడ్సు డబ్బా ఒకటి, మూడవ తరగతి పెట్టె ఒకటి. నిర్వాహకులలో ఒకాయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో చూడటానికేముందండీ? నవాబుగారి సెలూను వుంటే తీసుకురండి, జనం చూస్తారు" అన్నాడు. మా పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. మన చరిత్ర రచన ఇన్నాళ్ళూ చేసిన పనినే ఆయన ఒక్క వాక్యంలో చెప్పినాడు.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ ఇనుప వ్యవహారమెందుకని అడిగే మిత్రులున్నారు. నన్ను ఇటు లాగింది మాటలే. పండితుడు రైలును 'ధూమశకట' మన్నాడు. ఆ మాటలో పొగ వుంది, అంటే ఇంజను వుంది. మా మర్పల్లిలో ముసలివాళ్ళు నేటికీ 'డబ్బా' అంటారు. అందులో మనుషులున్నారు, బస్తాలున్నాయి. ఒకే బండిని ఒకరు ముందునుంచి చూసినారు, ఒకరు లోపలినుంచి చూసినారు.

నమూనా చేయడానికి కూర్చున్నవాడికి ఈ తేడా మరుక్షణమే తగులుతుంది. ఇంజను చేయదలిస్తే ఆధారాలకు కొదవ లేదు. బ్రిటిష్ కంపెనీలు ఇంజను తయారు కాగానే దానికి బూడిదరంగు పూసి, పక్కనుంచి నిలువెత్తు ఛాయాచిత్రం తీసేవి. ఆ రంగు ఫోటో కోసమే; అందులో ప్రతి మర, ప్రతి కడ్డీ స్పష్టంగా కనబడుతుంది. 1903లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ పటాలూ చిత్రాలూ గ్లాస్గో నగరంలో భద్రంగా వున్నాయి. మన దేశానికి వచ్చిన ఇంజనుకు అక్కడ జాతకం దొరుకుతుంది. ఇక ప్రభువుల విషయం చెప్పనక్కరలేదు. నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ వంటి ఛాయాగ్రాహకుడే వున్నాడు. కాని మూడవ తరగతి పెట్టెను ముందు నిలబెట్టి చిత్తరువు తీయాలని ఎవరికి తోస్తుంది? ఇంజను వెనకనో, వచ్చిన వైస్రాయి భుజం వెనకనో అది సగం కనబడితే మన అదృష్టం.

ఇందులో ఇంకో సంగతి వుంది. ఇంజన్లు సముద్రం దాటి వచ్చినవి. పెట్టెలకు చక్రాలూ ఇనుప చట్రాలూ ఎక్కువగా అక్కడివే అయినా, పైన కట్టిన టేకు ఒళ్ళు చాలావరకు ఇక్కడి వర్క్‌షాపుల పని. సికింద్రాబాదులో లాలాగూడ వర్క్‌షాపు 1893లో వెలసింది. అక్కడ వడ్రంగులు, కమ్మరులు, రంగులు వేసేవాళ్ళు తరాల తరబడి చెమటోడ్చినారు. విదేశీ కంపెనీ చేసిన భాగానికి కంపెనీ పేరు కొట్టిన ఇత్తడి బిళ్ళ వుంటుంది. మన వడ్రంగి చేసిన భాగానికి ఆ ముద్ర కూడా లేదు.

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడిచింది. ఆ యేడే న్యూయార్కు పత్రికలో మార్క్స్ ఒక వ్యాసం వ్రాస్తూ, ఇనుమూ బొగ్గూ వున్న దేశంలో రైలును ప్రవేశపెట్టిన తర్వాత ఆ దేశం తన యంత్రాలు తాను చేసుకోకుండా ఆపలేరన్నాడు. చరిత్ర ఆ మాటను పూర్తిగా కాదనలేదు గాని, చాలా ఆలస్యం చేసింది. అజ్మీరులో 1895లోనే మనవాళ్ళు ఇంజను చేసి చూపినారు. అయినా చిత్తరంజన్ కర్మాగారం పని మొదలుపెట్టడానికి 1950 రావలసి వచ్చింది. మధ్య అర్ధశతాబ్దం పనితనం లేక పోలేదు, పోనివ్వనివాళ్ళుండి పోయింది.

హైదరాబాదు రాజ్యంలో కథ ఇంకా సొగసైనది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు దారి పడింది. తాండూరు, వికారాబాదు దాని మీదివే. ఖర్చు నిజాముది, అవసరం ముఖ్యంగా కంటోన్మెంటులోని ఇంగ్లీషు సైన్యానిది. తర్వాత దారిని పొడిగించడానికి లండన్‌లో పెట్టుబడి సేకరించే చాందా రైల్వే పథకం వచ్చింది. ఆ ఒప్పందంలో ఏముందో ప్రజలకు చెప్పండని 1883లో అఘోరనాథ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు గొంతెత్తినారు. అడిగింది అంతమాత్రమే. దానికి అఘోరనాథుని, సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచి వెళ్ళగొట్టినారు. ఆ యేడాదే లండన్‌లో 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వేస్' కంపెనీ పుట్టింది. పేరులోని 'గ్యారంటీ' ఏమిటి? ఇరవై యేళ్ళపాటు పెట్టుబడి మీద నూటికి అయిదు వడ్డీకి నిజాం ఖజానా హామీ. బండి నిండినా, ఖాళీగా పోయినా లండన్ వాటాదారుకు నష్టం లేదు. ఖజానా ఎక్కడిది? రైతు కట్టిన శిస్తు. అంటే రైలెక్కని రైతు కూడా టికెట్టు కొన్నాడన్నమాట.

1889కి దారి బెజవాడ చేరింది. ఆ యేడే ఇల్లెందు బొగ్గు తవ్వకం మొదలైంది. 1930లో కంపెనీ నుంచి రైలును రాజ్యమే కొనుక్కున్నది. మా మర్పల్లి మీదుగా బీదరు వైపు పోయే శాఖ ఆ ప్రాంతాలదే. 1951లో ఇదంతా సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది.

ఇప్పుడు బల్ల మీది పనికి వద్దాం. బజారులో దొరికే బొమ్మరైలు పట్టాలు ఇంగ్లీషు కొలతవి. వాళ్ళ దారి వెడల్పు 1435 మిల్లీమీటర్లు, మనది 1676. డల్‌హౌసీ ఆరడుగులు కావాలన్నాడు, కంపెనీ దొరలు అయిదున్నరకు ఒప్పుకున్నారు. బజారు పట్టాల మీద మన పెట్టెను నిలబెడితే 24 సెంటీమీటర్ల వెడల్పును మింగేసినట్టే. కనుక ముప్పైరెండో వంతు కొలత పెట్టుకుని, 52 మిల్లీమీటర్ల దారి మేమే వేసుకున్నాము. పిల్లలు భాగహారాలు చేసి చేసి విసిగిపోయినారు గాని, అప్పటినుంచి వాళ్ళకు రైల్వే చరిత్ర మీద నోటుపుస్తకం అవసరం లేకపోయింది.

మూడవ తరగతి పెట్టెలో బల్లలు అమర్చేటప్పుడు ఒక అమ్మాయి మట్టితో మనుషుల్ని చేసింది. బల్లకు అయిదుగురని లెక్క. అదే కొలతతో మొదటి తరగతి గది ఒకటి చేసి పక్కన పెట్టినాము: నలుగురు కాళ్ళు చాపుకుని పడుకునే గది. ఆ నలుగురి చోటులో మట్టిమనుషులు ఎంతమంది కిక్కిరిసినారో చూసి తరగతిగది కాసేపు మూగబోయింది. 'వర్గం' అన్న మాటకు నేను ఎన్నడూ అంత చక్కని నిర్వచనం చెప్పలేదు. తర్వాత ఒకడు లేచి, "మరుగుదొడ్డి ఎక్కడ పెట్టాలి సార్?" అన్నాడు. మేము చేస్తున్న పాతకాలపు పెట్టెలో అది లేదు. మన దేశంలో కింది తరగతివాళ్ళు దశాబ్దాలపాటు బండి ఆగిన చోట దిగి పరుగెత్తవలసిందే. రైల్వేలను పోషించింది మాత్రం వీళ్ళే; ప్రయాణికుల్లో నూటికి తొంభైమందికి పైగా కింది తరగతులవాళ్ళు. గాంధీ 1917లో మూడవ తరగతి ప్రయాణం మీద ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకమే ప్రకటించవలసి వచ్చింది. ఆ తరగతి పేరు 1974లో పోయింది. కిక్కిరియడం పోయిందో లేదో రోజూ ఉదయం వికారాబాదు బండి ఎక్కేవాళ్ళకు నేను చెప్పవలసిన పని లేదు.

గూడ్సు డబ్బా విషయంలో నాకు తగిన శాస్తి జరిగింది. పటాలు చూసి, లెక్కలు వేసి, మధ్యలో రెండు తలుపులు పెట్టి, బాగానే వచ్చిందని గర్వపడ్డాను. ఒకప్పుడు స్టేషనులో బస్తాలు మోసిన పెద్దాయన మా వూళ్ళో వున్నాడు. ఆయనకు చూపించినాను. చేతిలోకి తీసుకుని తలుపు గోటితో తెరిచి చూసినాడు.

"సారూ, కింది రెక్క ఏది?"

"ఏ రెక్క, పెద్దయ్యా?"

"తలుపులు తెరిస్తె అయితదా? కింద ఇనుప రెక్క ఉంటది. దాన్ని ప్లాటుఫారం మీదికి పడేస్తం. దాని మీదికెల్లి బస్తా తోటి లోపటికి పోతం. అది లేకుంటె నడుమల సందుల కాలు పడదా?"

నేను ఆ డబ్బాను బయటనుంచే కొలిచినాను. వీపున క్వింటాలు బస్తాతో దానిలోకి నడిచినవాడికే ఆ రెక్క విలువ తెలుసు. వాన పడితే ఆ ఇనుము జారేదట. గోనె పరుచుకునేవాళ్ళట. ఒకసారి జారి తన మోకాలు దెబ్బతిన్నదని పంచె పైకి జరిపి చూపినాడు. మచ్చ ఇంకా వుంది. అప్పట్లో డబ్బాల్లో కందులు, జొన్నలు, పత్తి పోయేవని చెప్పినాడు. "నాపరాళ్ళు?" అని అడిగితే, "అవి తాండూరోళ్ళ పని, ఆళ్ళ చేతులు చూడాలె" అని నవ్వినాడు.

ఇంటికి వచ్చి డబ్బాను విప్పినాను. పాత నూనెడబ్బా రేకు కత్తిరించి రెక్క చేసినాము. దానికి రెండు బందులు మా వూరి కంసాలి వెండిపని మధ్యలో తీరిక చేసుకుని పెట్టి ఇచ్చినాడు. ఇప్పుడది కిందికి పడుతుంది. వచ్చే నెల తాండూరు పోవాలనుకుంటున్నాము, రాళ్ళు మోసినవాళ్ళెవరైనా దొరుకుతారేమో చూడాలి.