దూలగొండి గింజ నుంచి మాత్ర దాకా

పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే లెవోడోపా దూలగొండి గింజలోనే ఉంది కనుక ఆ మందు మన పూర్వులకు ఎప్పుడో తెలుసని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దురద పుట్టించే ఈ తీగే చరకుడు చెప్పిన ఆత్మగుప్త. దాని గింజల్ని వైద్యులు బలానికీ, వాజీకరణానికీ, వాతరోగాలకూ వాడారు. తెలుగు వైద్యులు తరతరాలుగా నమ్ముకున్న బసవరాజీయం పార్కిన్సన్స్‌ను పోలిన కంపవాతాన్ని వర్ణిస్తూ కాళ్ళూ చేతులూ వణకడంతో పాటు నిద్ర చెడటం, బుద్ధి మందగించడం కూడా చెప్పింది. 1817లో లండన్‌లో ఈ జబ్బు మీద పుస్తకం వేసిన జేమ్స్ పార్కిన్సన్ మాత్రం రోగి బుద్ధికి లోటు రాదనుకున్నాడు. ఈ ఒక్క విషయంలో మన గ్రంథమే నిశితంగా చూసింది.

అయితే జబ్బును గుర్తుపట్టడం వేరు, గింజలో ఏ పదార్థం దేనికి పనిచేస్తుందో తెలియడం వేరు. ఇందుకు సాక్ష్యం మద్రాసులోనే ఉంది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల నుంచి ఎల్-డోపాను, అంటే లెవోడోపానే, వేరుచేశారు. అంతకు ముందే, 1913లో, బాసెల్‌లో గుగెన్‌హైమ్ దాన్ని బాకలా చిక్కుళ్ళ నుంచి తీసి, తానే రెండున్నర గ్రాములు మింగి వాంతులతో అవస్థపడ్డాడు. పదార్థం చేతిలోనే ఉంది. అయినా వణుకుతున్న రోగికి దాన్ని ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. తోచే దారీ లేదు, డోపా నుంచి తయారయ్యే డోపమిన్‌కు మెదడులో పనేమిటో అప్పటికి తెలియదు మరి. ఆ దారి చూపింది ఇంకో భారతీయ మొక్క కావడం ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి. సర్పగంధ వేరు నుంచి 1952లో తీసిన రెసర్పిన్ ఇస్తే కుందేళ్ళు కదలకుండా పడిపోయేవి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి డోపమిన్ బాగా తగ్గిందని తేల్చారు. మరుసటి ఏడు అక్కడే రోగులకు డోపాను సూదిమందుగా ఇస్తే మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు, కానీ కొన్ని గంటలే. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయాకే అది నిత్యం వాడగల మందయింది. మద్రాసు నుంచి అక్కడికి చేరడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

సిద్ధాంతం తెలియకపోయినా గుణం కనిపించి ఉంటే అది జ్ఞానం కాదా అని అడగవచ్చు. అవును, జ్ఞానమే. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగుల మీద జరిపిన పరీక్షలో 30 గ్రాముల దూలగొండి పొడి మామూలు మాత్రకన్నా సుమారు సగం సమయంలోనే పని మొదలుపెట్టింది. కనుక వైద్యుల అనుభవాన్ని కొట్టిపారేయలేం. కానీ నోటితో తీసుకున్న డోపాలో ఎక్కువ భాగం మెదడుకు చేరకముందే డోపమిన్‌గా మారిపోయి వాంతులు తెస్తుంది. దాన్ని అడ్డుకునే కార్బిడోపాను జోడించాకే మోతాదు బాగా తగ్గింది. గింజ గింజకూ డోపా పాలు మారుతుంది, మాత్రలో మారదు. అందుకే ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు వాటిని మానేసి పొడికి మారవద్దు. పొడి తీసుకుంటుంటే, ఎంత తీసుకుంటున్నారో మీ నరాల డాక్టరుకు తప్పక చెప్పండి.