బాలయోగి హెలికాప్టర్ ప్రమాదం

లోక్‌సభ సభాపతి గంటి మోహనచంద్ర బాలయోగి 2002 మార్చి 3, ఆదివారం ఉదయం కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక గ్రామం వద్ద జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. ఆయనతోపాటు భద్రతాధికారి, పైలట్ కూడా చనిపోయారు. పదవిలో ఉండగా మరణించిన లోక్‌సభ సభాపతులలో ఈయన రెండవవాడు. మొదటివాడు జి.వి.మవలాంకర్ (1956). కైకలూరు ప్రాంతం 2022 నుండి ఏలూరు జిల్లాలో ఉన్నది.

నేపథ్యం

బాలయోగి 1951 అక్టోబరు 1న కోనసీమలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఎదుర్లంకలో జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి కాకినాడలో న్యాయవాదిగా పనిచేశాడు. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షుడయ్యాడు. తెలుగుదేశం పార్టీ తరఫున 1991లో అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికై, 1996లో ఓడిపోయి, 1998లో తిరిగి గెలిచాడు. 1998 మార్చి 24న సభాపతి అయ్యాడు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఈయనే. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయిన రోజున సభను నడిపినదీ ఈయనే.

ప్రమాదం

ఆ ఉదయం బాలయోగి భీమవరం నుండి హైదరాబాదుకు ఒక ప్రైవేటు బెల్ 206 హెలికాప్టర్‌లో బయలుదేరాడు. కొద్దిసేపటికే, సుమారు 8 గంటల ప్రాంతంలో, అది ఒక చేపల చెరువులో కూలిపోయింది.

కారణంపై సందేహాలు

యంత్రలోపమే కారణమని మొదట వార్తలు వచ్చాయి. అంత పెద్ద పదవిలో ఉన్న వ్యక్తి ఇలా హఠాత్తుగా పోయినప్పుడు జనానికి అనుమానాలు కలగటం సహజమే. అయితే తరువాత తెలిసిన విషయం వేరు. ముందున్నది సరిగా కనిపించక పైలట్ అత్యవసరంగా దిగటానికి ప్రయత్నించాడు. చేపల చెరువును గట్టినేలగా పొరబడ్డాడు. హెలికాప్టర్ రెక్క కొబ్బరిచెట్టుకు తగలటంతో అది చెరువులో పడింది.

ఈ పొరపాటును అర్థం చేసుకోవాలంటే ఆ ప్రాంతాన్ని ఎరిగి ఉండాలి. కైకలూరు కొల్లేరు సరస్సు అంచున ఉన్నది. ఇక్కడ వరిచేలు, చేపల చెరువులు ఒకదానిపక్కన ఒకటి ఉంటాయి. చెరువులు లోతు తక్కువగా, చదునుగా, గట్ల నడుమ మడులవలె కనిపిస్తాయి. గట్లమీద కొబ్బరిచెట్లు పెంచటం కూడా ఉన్నది. మసకవెలుతురులో పైనుండి చూసేవారికి నీరేదో నేలేదో పోల్చుకోవటం కష్టం. గోదావరి లంకలో పుట్టిన మనిషి కొల్లేటి లంకలో మరణించటం యాదృచ్ఛికమే కావచ్చు గాని, కోనసీమవాసులకు మరపురాని విషయం.

అనంతరం

2002 మేలో మనోహర్ జోషి సభాపతిగా ఎన్నికయ్యాడు. అమలాపురం ఉప ఎన్నికలో బాలయోగి భార్య గంటి విజయకుమారి గెలిచింది. 2024లో కుమారుడు హరీష్ మాధుర్ అదే స్థానం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని సభామందిరానికి, హైదరాబాదు గచ్చిబౌలిలోని క్రీడాప్రాంగణానికి బాలయోగి పేరు పెట్టారు. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమిపై కట్టిన వంతెన కూడా బాలయోగి వారధిగా ప్రసిద్ధమైనది.