మాచ్‌ఖండ్: పంచుకున్న నది, తెగని ఎల్ల

విశాఖ మన్యం కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది కొంతదూరం ఆంధ్ర, ఒడిశాల మధ్య ఎల్లగా సాగుతుంది. దుడుమ దగ్గర లోయలోకి దూకి, దిగువన సీలేరు పేరుతో శబరిలో కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1కి ముందు రెండు ఒడ్లూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. నేటి కొరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో, చాలావరకు జయపురం జమీందారీ కింద ఉండేవి. ఆ సంస్థానాధిపతి విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేశాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడడంతో జయపురం అటు వెళ్లింది, విశాఖ ఇటు మిగిలింది.

విభజనతో వచ్చిన మొదటి చిక్కు కరెంటుది. మద్రాసు ప్రభుత్వానికి విద్యుత్తు కావాలి. దాన్ని తీయడానికి అనువైన వాలు మాత్రం ఒడిశా వైపు ఉంది. ఏ ఒక్కరూ ఒంటరిగా కట్టలేని ప్రాజెక్టు కాబట్టి, 1940ల మధ్యలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందానికి వచ్చాయి. మద్రాసుకు 70 శాతం, ఒడిశాకు 30 శాతం. తర్వాత తన వాటా పెంచుకునే వీలు ఒడిశాకు ఇచ్చారు. జలాపుట్ డ్యాములో నిలిపిన నీటిని దుడుమ దగ్గర మళ్లించి, కొండ దిగువన ఒనకఢిల్లీ దగ్గరి పవర్‌హౌస్‌కు పంపుతారు. అక్కడికి చేరాలంటే సిబ్బంది వించ్ ఎక్కి కిందికి దిగాలి. 17 మెగావాట్లవి మూడు, 21.25 మెగావాట్లవి మూడు, మొత్తం 114.75 మెగావాట్ల యంత్రాలు అక్కడ నిలిచాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే మద్రాసు వాటా దానికి దక్కింది. 1955లో ఉత్పత్తి మొదలైంది. ఒడిశా గడ్డ మీద ఉన్న ఈ కేంద్రాన్ని ఆంధ్ర విద్యుత్ సంస్థే నడుపుతూ వచ్చింది. అందుకే ఆ కాలనీలో తెలుగు మాట వినబడుతుంది.

శాతాలను ఇంత జాగ్రత్తగా లెక్కించిన ఆ ఒప్పందంలో ముంపు ఊళ్ల గదబ, పరజ గిరిజనులకు వాటా రాలేదు. దశాబ్దాల తర్వాత కూడా కరెంటు లేని ఊళ్లు ఆ చుట్టుపక్కలే మిగిలాయి. ఇది ఏ ఒక్క రాష్ట్రపు తప్పూ కాదు, ఇద్దరిదీ.

నీటి విషయంలో బేరం కుదిరింది. దిగువన బలిమెల జలాలను సమంగా పంచుకోవాలని 1962లో రెండు రాష్ట్రాలూ అంగీకరించాయి. భూమి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పట్టుదలే. కొరాపుట్ జిల్లా పొట్టంగి, ఇటు ఆంధ్రలోని సాలూరు మధ్యనున్న కొటియా కొండల్లో 21 గ్రామాలను రెండు ప్రభుత్వాలూ తమవే అంటాయి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో ఆ దావా తీర్పు రాకుండానే ముగిసింది. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఓటరు కార్డులూ ఉన్న కుటుంబాలు అక్కడ మామూలే. రోడ్డు ఒకరు వేస్తే బడి మరొకరు కట్టడం ఆ ఊళ్లకు కొంత లాభమే చేసింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరపగా, ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టింది.