తెగినది ఎచ్చట?

1969 అక్టోబరు 29 రాత్రి అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి లాస్ ఏంజెలిస్ ప్రయోగశాలయందు, చార్లీ క్లైన్ అను విద్యార్థి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయములోని యంత్రమునకు ‘లాగిన్’ అను మాటను ఒక్కొక్క అక్షరముగా పంపసాగెను. ఆంగ్లమున ఆ మాటకు అయిదక్షరములు. రెండు చేరినవి, మూడవదానియొద్ద అవతలి యంత్రము నిలిచిపోయినది. నేటి ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ చరిత్ర ఇట్లు అంతరాయముతోనే ఆరంభమైనది. అయినను గంటసేపటిలో లోపము సవరింపబడినది. ఇరువైపులవారును టెలిఫోను పట్టుకొని, అక్షరము చేరినదా అని అడుగుచు, చేరినదని వినుచు ఉండిరి. కనుక తీగ చెడలేదనియు, అవతలి యంత్రమే ఆగినదనియు తేటపడినది.

ఎందుకు తెగినదను ప్రశ్నకు ముందు ఎచ్చట తెగినదను ప్రశ్న రావలెనని మేము చెప్పదలచితిమి. సిరిసిల్ల మగ్గములయొద్ద పనిచేయువారికి ఇది చెప్పనక్కరలేదు. పోగు తెగినపుడు వారు బట్టనంతను విప్పరు. తెగినచోటు వెదకి ముడివేయుదురు.

యంత్రములు పెరిగిన కొలది ప్రతి కొసయందును టెలిఫోనుతో మనిషి కూర్చుండుట సాధ్యము కాదు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలయందు పనిచేయుచున్న మైక్ మూస్ ఆ సాక్షి పనిని యంత్రమునకే అప్పగించెను. ఆయన వ్రాసిన ‘పింగ్’ అను చిన్న సాధనము ఒక పిలుపును పంపి, మారుపలుకు వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. జలాంతర్గాముల జాడ తీయు సోనార్ ధ్వనినిబట్టి దానికా పేరు వచ్చినది. ఆ ఏటనే పాల్ మొకాపెట్రిస్ పేర్లను సంఖ్యలుగా మార్చు డి.ఎన్.ఎస్. పద్ధతిని రూపొందించెను. సౌలభ్యము పెరిగినది, చెడుటకు మరియొక చోటును ఏర్పడినది.

మన దేశములో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందించినది. నాడది మోడెము ద్వారా టెలిఫోను తీగమీదనే వచ్చెడిది. ఇంటిలో ఎవరైన రెండవ రిసీవరు ఎత్తినచో సంబంధము తెగెడిది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానము సెకనుకు 256 కిలోబిట్ల వేగమును కనీసముగా నిర్ణయించినది. పిదప మాటయు సమాచారమును ఒకే రాగితీగపై వేరువేరుగా నడచినవి. వాటిని విడదీయు ఫిల్టరు లేనిచో టెలిఫోనులో రొదయు, కంప్యూటరున అంతరాయమును కలిగెడివి.

గ్రామముల వంతు ఆలస్యముగా వచ్చినది. 2011 అక్టోబరులో కేంద్రప్రభుత్వము గ్రామపంచాయతీలకు గాజుతీగ వేయు పథకమును ఆమోదించినది. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకములలోనే ఈ తీగకును దారి కల్పింపబడినది. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినపుడు వీర్నపల్లి మండల కేంద్రమైనది. అట్టి ఊళ్లలో పోటీపరీక్షల దరఖాస్తు మొదలు భూమి పత్రములవరకు అనేక కార్యములు నేడు ఈ దారిననే సాగుచున్నవి. గడువు ముగియు రాత్రి సంబంధము తెగినచో ఒక సంవత్సరపు చదువు వృథా కావచ్చును.

అట్టివేళ దగ్గరనుండి దూరమునకు వరుసగా పరీక్షింపవలెను. మొదట గాజుతీగ వచ్చి చేరు పెట్టెను చూడుడు. ‘ఎల్.ఓ.ఎస్.’ అను దీపము ఎర్రగా వెలిగినచో పెట్టెకు వెలుగే చేరుట లేదు; తీగ కొస వదులై యుండవచ్చును, లేదా బయట తెగి యుండవచ్చును. దీపములు సరిగా ఉన్నచో రౌటరునకు పింగ్ పంపుడు. మారుపలుకు రానిచో లోపము ఇంటిలోనే యున్నది. కంప్యూటరు చిరునామా 169.254తో మొదలైనచో రౌటరు దానికి చిరునామా ఇయ్యలేదని అర్థము. రౌటరు పలికినచో 8.8.8.8 వంటి దూరపు సంఖ్యను పిలువుడు. సంఖ్య పలికి పేరు పలుకనిచో డి.ఎన్.ఎస్. చెడినది. సంఖ్యయు పలుకనిచో లోపము బహుశః గడప దాటి యున్నది.

ఇట్లు పరీక్షించినవారు సేవాకేంద్రమునకు ఫోను చేసి, ‘ఇంటర్నెట్ రాదు’ అనుటకు మారుగా, ‘రౌటరు పలుకుచున్నది, అవతల పలుకుట లేదు’ అని చెప్పగలరు. మొదటి మాటకు పెట్టెను ఆపి మరల వేయుడను సలహా వచ్చును. రెండవది లైన్‌మన్‌ను కదలించును. లోపము బయట నున్నదని తెలిసినవారు రౌటరుతో రాత్రియంతయు పెనగులాడక, గడువులోపల సెల్‌ఫోను సంకేతముతోనైనను దరఖాస్తును పంపివేయుదురు.